సింగమడుగు విమానాల బయలు

రోహిణి కార్తె, మూడో రోజు. గువ్వలమిట్ట.

యాత్రలో ఇది ఎనిమిదో ఊరు. ఎండిన కుంట అడుగున దిగాం. విమానం పంకా ఆగిపోయి దుమ్ము అణిగాక కూడా చాలాసేపు ఎవరూ దగ్గరకు రాలేదు. ఇళ్ళ కప్పుల మీదా, రాళ్ళ గుట్ట మీదా నిలబడి చూశారు. ఏ ఊళ్ళోనైనా ఇంతే. ముందుగా ఒక పెద్దావిడ వచ్చి విమానం తోక మీద చెయ్యి వేస్తుంది. అది కదలకపోతే ఊరంతా వస్తుంది.

మేం ముగ్గురం. విమానం నడిపేది రుక్సానా. ఊరివాళ్ళతో మాట్లాడేది భుజంగరావుగారు. నేల కొలిచేది, విమానం బాగుచేసేది, మమ్మల్ని పంపిన మండలికి ఈ చిట్టా రాసేది నేను. నా పేరు మాణిక్యం. మండలివాళ్ళు సముద్రం ఒడ్డున రేవులో కూర్చుని చదువుతారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయాలని నియమం.

మధ్యాహ్నం నేల కొలిచాను. మండలి పుస్తకం ప్రకారం విమానం దిగే బయలు నలుచదరంగా ఉండాలి, ఒక్కో వైపు ఆరువందల అంగలు. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా దానికి ఎదురుగా దిగేందుకు వీలుండాలని అలా పెట్టారు. లోపల పిడికిలికి మించిన రాయి ఉండకూడదు, పొద ఉండకూడదు. నడిమధ్య సున్నంతో గుండ్రం గీయాలి. అంతా కలిపి యాభై ఎకరాలు.

ఊరి చావిడి ముందు రావుగారు మాట్లాడారు. ఆయన మాట్లాడుతుంటే నాకే నమ్మబుద్ధేస్తుంది.

"ఈ బయలు మీరు సిద్ధం చెయ్యండి. వచ్చే ఏడాదికల్లా వారానికొక విమానం ఇక్కడ దిగుతుంది. పాముకాటు మందు తెస్తుంది. పిల్లల టీకాలు తెస్తుంది. పెన్న వంతెన కూలి నలభై ఏళ్ళయింది, అవతలి ఒడ్డున మీవాళ్ళు బతికున్నారో లేదో మీకు తెలీదు. ఇకమీదట ఉత్తరం రాస్తే మూడో రోజుకి జవాబు వస్తుంది."

వెనక నుంచి ఒకాయన అన్నాడు: "సామీ, మాకు రాయి లేకుండా సదునుగా ఉండేది ఆ వొక్క చేనే. దాన్నే అడగతాండారు."

"అందుకే అడుగుతున్నాను. చదునుగా లేని చోట విమానం దిగదు," అన్నారు రావుగారు. "అది పోగొట్టుకోవడం కాదు. మీ ఊరికి తలుపు పెట్టుకోవడం."

సాయంత్రానికి ఒప్పుకున్నారు.

చీట్లు తీసి ఐదుగురిని విమానం ఎక్కించాం. ఆఖరున చిట్టెమ్మ అనే కుమ్మరావిడ ఎక్కింది. తన అక్కను ఏటి అవతలి ఊరికి ఇచ్చారట, చూసి పదకొండేళ్ళయిందట. దిగాక ఆమె ఏడవలేదు, నవ్వలేదు. "మా అక్క ఇల్లు అగుపడింది. మిద్దె మింద బట్టలు ఆరేసిండాది," అని మాత్రం అంది. నాలుగైదుసార్లు అదే మాట, ఎదురైన ప్రతి మనిషికీ చెప్పింది.

రోహిణి కార్తె, ఐదో రోజు. గువ్వలమిట్ట.

మధ్యాహ్నం రేడియోలో రేవు నుంచి కబురు వచ్చింది. షెడ్డులో కడుతున్న రెండో విమానం పరీక్షలో కాలిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు. కానీ దానితోపాటు, తర్వాతి వాటికోసం దాచిపెట్టిన ఎండతెర బట్టంతా కాలిపోయింది. రెక్కల మీద పరిచే ఆ బట్ట లేకపోతే మోటారుకు కరెంటు లేదు. మళ్ళీ అంత బట్ట నేయడానికి తక్కువలో తక్కువ మూడేళ్ళు.

అంటే ఈ దేశంలో ఎగిరే విమానం మాదొక్కటే.

రుక్సానా చెవులకు పెట్టుకున్నవి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడేం చేద్దాం రావుగారూ?" అంది.

"యాత్ర పూర్తిచేద్దాం," అన్నారాయన.

"వచ్చే ఏడాదికల్లా వారానికొకటి అని చెప్పాం," అన్నాను నేను.

"చెప్పాం. అమ్మా మాణిక్యం, ఒకటి ఆలోచించు. దిగడానికి చోటు లేకుండా విమానాలెందుకని మండలి అంటుంది. విమానాలు లేకుండా చోటెందుకని ఊళ్ళు అంటాయి. ఎవరో ఒకరు ముందు నమ్మకపోతే ఇది ఎప్పటికీ జరగదు. పది బయళ్ళు సిద్ధంగా ఉన్నాయని చూపిస్తేనే మండలి మళ్ళీ షెడ్డు తెరుస్తుంది. ఇప్పుడు నిజం చెప్పామనుకో, పది ఊళ్ళూ నాగళ్ళు కడతాయి."

ఆ మాట తప్పని నేను అనలేకపోయాను. రావుగారి చెల్లెలు పాము కరిచి పోయింది. మందు మూడు రోజుల నడక దూరంలో ఉంటే తెచ్చింది ఆయనే. తెచ్చేసరికి ఊరివాళ్ళు స్నానాలు చేసి వస్తున్నారట. ఈ మనిషి అబద్ధం కోసం అబద్ధం ఆడేవాడు కాదు.

ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. అలా అనుకున్న ముగ్గురిలో నేనూ ఉన్నానని ఇక్కడ రాస్తున్నాను.

మృగశిర కార్తె, రెండో రోజు. తుమ్మలకోన.

తొమ్మిదో ఊరు. కొలిచాను. యాభై ఎకరాలు, ఎర్రనేల, మంచి నేల. నా వెంట గూటాలు మోసుకుంటూ వచ్చిన రైతు దారి పొడుగునా ఏ మడిలో ఏం పండుతుందో చెబుతూనే ఉన్నాడు. చివరి గూటం దిగ్గొట్టాక అడిగాడు: "నిజంగా వస్తాయా అక్కా?"

"రావుగారిని అడగండి," అన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు. అడగడానికి వెళ్ళలేదు. నేను చెప్పిన దాన్ని అవునన్నట్టే తీసుకున్నాడు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు. సింగమడుగు.

పదో ఊరికి బయల్దేరాం గానీ చేరలేదు. నిన్న మొన్న కురిసిన వానకు అక్కడి కుంటలో నీళ్ళు నిలిచాయి. రుక్సానా రెండుసార్లు చుట్టూ తిప్పింది. దిగడానికి చోటు లేదు. మబ్బు ముసురుతోంది, రెక్కలకు ఎండ తగలడం లేదు, బ్యాటరీ మూడో వంతుకు పడిపోయింది. దగ్గర్లో మేం సిద్ధం చేయించిన బయలు సింగమడుగుది. యాత్రలో మొదటి ఊరు, భరణి కార్తెలో వచ్చి వెళ్ళాం. అటే తిప్పింది.

పైనుంచి చూశాను. చుట్టూ ప్రతి చేలోనూ జనం ఉన్నారు, ఎద్దులున్నాయి, నాగటిచాళ్ళు కనిపిస్తున్నాయి. మధ్యలో నలుచదరంగా, అరచేతిలా నున్నగా, ఖాళీగా యాభై ఎకరాలు. సున్నపు గుండ్రం తెల్లగా ఉంది. వాన వెలిశాక మళ్ళీ గీసి ఉంటారు.

అంత మెత్తగా మేం ఎక్కడా దిగలేదు.

ఓబులమ్మ ముందుగా వచ్చింది. ఆ యాభై ఎకరాలు తొమ్మిది కుటుంబాలవి. అందులో పద్నాలుగు ఎకరాలు ఆమెవి. అరవై దాటిన మనిషి, మొగుడు లేడు, సేద్యం అంతా తానే చేయిస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు మాకు మూడు రోజులు అన్నం పెట్టింది ఆమే.

"వొచ్చినారా! ఎంతమంది వొచ్చినారు? ఎనక ఇంగా ఎన్ని విమానాలు వొస్తాండాయి?" అని ఆకాశం కేసి చూసింది.

"ఇదొక్కటే ఓబులమ్మా. వానకు దారి మళ్ళి దిగాం," అంది రుక్సానా.

"కానీలే. సూడు, మీరు సెప్పినట్లే సేసినాం. కంప కొట్టినాం, రాయి ఏరినాం. మేకను గూడా తొక్కనీలే." తర్వాత నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మీ, నువ్వు కొలిసేదానివి, నీకు తెలుస్తాది. వాన బాగా పడింది. ఇత్తేదానికి పదును ఉండేది నాలుగు దినాలు, మించితే ఐదు. విమానాలు వొచ్చే యాడాదికి గదా? ఈ యేటికి శెనక్కాయి ఏసుకుంటే మీకేమన్నా అడ్డమా? మా సిన్నోబయ్య అడగొద్దంటాడు, మాట పోతాదంటాడు. ఏసేదా, వొద్దా?"

రావుగారు మాకు ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఆయన నావైపు చూశారు. చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం ఉంది. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

"వేసుకోండి," అన్నాను. "వచ్చే ఏడాది కూడా వేసుకోండి. రెండో విమానం కాలిపోయింది. ఇంకో మూడేళ్ళ దాకా ఇదొక్కటే. ఈ సంగతి మాకు తెలిసి నెలవుతోంది."

ఓబులమ్మ కొంగు అందుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులకు మట్టి లేదు.

ఆరుద్ర కార్తె, మొదటి రోజు, సాయంత్రం.

చిన్నోబయ్య ఓబులమ్మ మరిది. ఊళ్ళో పెద్దమనిషి. కబురు తెలిసి పదిమందితో వచ్చాడు. అరవలేదు. మోకు తెప్పించి విమానం చక్రాలకు చుట్టి, గట్టున ఉన్న బండరాయికి కట్టించాడు.

"రెండు నెల్లు ఊరంతా రాళ్ళు మోసినాం. నా కోడలు నెలలు నిండినా మోసింది," అన్నాడు రావుగారితో. "మీరు పైన ఎగరతాంటే కిందుండేవాళ్ళు సీమలంత అగుపడతారని తెలుసు. అందుకేనా?"

రావుగారు వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు.

"ఇది యాడికీ కదల్దు," అన్నాడు చిన్నోబయ్య. "మీ మండలోళ్ళు వొచ్చి మాతో మాట్లాడినాకనే."

అతని కోపం న్యాయమైనదే. రేడియోలో మండలికి ఇప్పుడే ఈ సంగతి చెప్పాం. రేపు ఆలోచించి చెబుతామన్నారు.

ఆరుద్ర కార్తె, రెండో రోజు.

పొద్దున ఓబులమ్మ మాకు కొర్రన్నం తెచ్చింది. మేం తింటుంటే విమానం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మీ, నిన్న ఇది దిగేది సూసినా. బండి బాటంత ఎడల్పులో దిగి నిలబడిపాయ. మరి యాభై ఎకరాలు ఎందుకడిగినారు?"

"గాలికి ఎదురుగా దిగాలి ఓబులమ్మా. గాలి ఎటు నుంచి వస్తుందో ముందు తెలీదు కదా. అందుకని నాలుగు వైపులా చోటుండాలి."

ఆమె నన్ను జాలిగా చూసింది. "గాలి యాడనుంచి వొస్తాదో తెలీదా? మీకు ఎవురూ సెప్పలేదా?"

నా చెయ్యి పట్టుకుని ఊరి చివర కళ్ళాల దగ్గరకు తీసుకుపోయింది. నూర్చిన గింజను గాలికి ఎత్తిపోసే చోట్లు అవి. పదిహేను కళ్ళాలు, అన్నీ ఒకే వరసలో తూర్పు పడమరలుగా ఉన్నాయి.

"మృగశిర నుంచి ఉత్తర దాకా పడమటి గాలి. కోతలైనాక తూరుపు గాలి. ఇంగో గాలి ఈ దేశంలో లేదు. నలభై ఏండ్లు తూర్పారబట్టినా. ఉత్తరం నుంచో దచ్చినం నుంచో గాలొచ్చింటే పొట్టంతా నా మొగాన పడుండేది."

మండలి పుస్తకం రాసింది రేవులో. అక్కడ పొద్దున భూమి మీది గాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి, మధ్యలో తుఫాను గాలి. నాలుగు దిక్కులూ కావాల్సిందే. ఆ పుస్తకం పట్టుకుని తొమ్మిది ఊళ్ళు కొలిచాను. ఏ ఊళ్ళోనూ గాలి గురించి ఒక్కరినీ అడగలేదు.

అక్కడికక్కడే లెక్క వేశాను. తూర్పు పడమరలుగా ఆరువందల అంగల పొడుగు, నలభై అంగల వెడల్పు. మూడున్నర ఎకరాలు. మిగతా నలభై ఆరున్నర చేనుగానే ఉండొచ్చు.

రుక్సానాకు చెప్పాను. రెక్కల పక్కగా నలభై అంగలు నడిచి చూసింది.

"నలభై అంగలంటే రెక్కలకు అటూ ఇటూ నాకు మిగిలేది చాలా తక్కువ అక్కా. గాలి కొంచెం పక్కకు తిరిగితే చేలో పడతాను. కుదురుతుందని నువ్వనుకుంటే చాలదు. దిగి చూడాలి, ఒకసారి కాదు, పదిసార్లు."

మోకు విప్పడానికి చిన్నోబయ్య ఒప్పుకోలేదు. విప్పితే మేం పారిపోతామని అతని అనుమానం. ఓబులమ్మ అంది: "అయితే నువ్వూ ఎక్కి కూచో. నిన్నేసుకుని యాడికి పోతారు?"

అతను ఎక్కాడు. సున్నంతో రెండు గీతలు గీశాం. రుక్సానా పన్నెండుసార్లు లేచి పన్నెండుసార్లు దిగింది. ఎనిమిదోసారి ఎడమ చక్రం గీత దాటింది. మిగిలినవన్నీ లోపలే. చిన్నోబయ్య దిగి, నేరుగా గట్టు చాటుకు పోయి వాంతి చేసుకుని వచ్చాడు. మొహం కడుక్కుని, "కుదుర్తాది," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే నాగళ్ళు కట్టారు.

ఆరుద్ర కార్తె, మూడో రోజు.

పొద్దున్నే రావుగారు నా దగ్గరకు వచ్చారు.

"మిగతా ఎనిమిది ఊళ్ళలోనూ వాన పడే ఉంటుంది," అన్నారు. "వాళ్ళూ మన మాట పట్టుకుని చేలు ఖాళీగా ఉంచి కూర్చుని ఉంటారు. పదును మూడు రోజులే."

ఏ ఊళ్ళోనూ రేడియో లేదు. నడిచి వెళితే అన్నిటికన్నా దగ్గర ఊరే రెండు రోజులు.

చిన్నోబయ్యను వెతుక్కుంటూ వెళ్ళాం. చాళ్ళ వెంట గింజ వేస్తున్నాడు. ఆపకుండానే విన్నాడు.

"విమానం వదలండి," అన్నారు రావుగారు. "నేను వెళ్ళి చెప్పి వస్తాను. చీటీలు పడేసి రావడం కాదు. నా నోటితో చెప్పిన మాట, ప్రతి ఊళ్ళోనూ నిలబడి నా నోటితోనే వెనక్కి తీసుకుంటాను."

"మళ్ళా తిరిగొస్తారని ఏం నమ్మకం?"

"నేను ఇక్కడే ఉంటాను," అన్నాను.

"నువ్వుండి ఏం సేస్తావు?"

"గింజ వేస్తాను."

అతను నా చేతుల వైపు చూశాడు. పదేళ్ళుగా మోటార్లు విప్పిన చేతులు. "నీకు నేర్పిచ్చల్ల," అని ఒడిలోని గింజల సంచి నాకిచ్చాడు. తర్వాత తనే వెళ్ళి మోకు విప్పాడు.

రావుగారికి ఒక కాగితం రాసిచ్చాను. బయలు పొడుగు, వెడల్పు. దాని కింద ఒక వాక్యం: ముందు కళ్ళాలు ఎటు చూస్తున్నాయో ఊరి ఆడవాళ్ళను అడగండి.

ఆరుద్ర కార్తె, ఏడో రోజు.

మూడు రోజులు చిట్టా రాయలేదు. వంగి లేస్తే నడుము పట్టేస్తోంది, కలం పట్టబుద్ధి కాలేదు. మొదటి రోజు నేను వేసిన చాలు చూసి ఓబులమ్మ నవ్వి, అదంతా మళ్ళీ తనే వేసింది. మూడో రోజుకు నా వెనక రావడం మానేసింది. నిన్నటితో సున్నపు గీతల బయట అంగుళం వదలకుండా విత్తేశాం.

ఈ రోజు మధ్యాహ్నం విమానం వచ్చింది. కుడి రెక్క చివర బట్ట చిరిగి వేలాడుతోంది. రుక్సానా దిగి, నా భుజం మీద తల పెట్టింది.

ఎనిమిది ఊళ్ళలో ఐదు రావుగారి మాట విని, తిట్టి, విత్తుకున్నాయి. నలభై అంగల బాట వదిలాయి. ఒక ఊరు బాట కూడా వదలం పొమ్మని మొత్తం దున్నేసింది. తుమ్మలకోనలో రాళ్ళు రువ్వారు. రెక్క చిరిగింది అక్కడే. నాతో గూటాలు మోసిన రైతు కూడా అందులో ఉన్నాడో లేదో రుక్సానాకు తెలీదు. నేను అడిగాను గానీ ఆమె అతన్ని ఎరగదు.

ఎనిమిదోది గువ్వలమిట్ట.

"వాళ్ళు నమ్మలేదు అక్కా," అంది రుక్సానా. "రావుగారు తమను పరీక్షిస్తున్నారనుకున్నారు. గట్టిగా నిలబడతారో లేదో చూడ్డానికి వచ్చారనుకున్నారు. ఆయన ఎంత చెప్పినా నవ్వుతారు. ఆ కుమ్మరావిడ లేదూ, చిట్టెమ్మ, ఆమె అందరికన్నా ముందు నిలబడి, మేం కదలం సామీ, మీరు ధైర్యంగా పోండి అంది. చేను మొత్తం అలాగే ఉంచారు."

రావుగారు విమానం నీడలో కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అంత బాగా చెప్పానన్నమాట," అన్నారు.

నేను లేచి, రెక్క చివర చిరిగిన బట్ట విప్పడం మొదలుపెట్టాను.

పునర్వసు కార్తె, రెండో రోజు. సింగమడుగు.

రేపు చెబుతామన్న మండలి నుంచి ఇన్నాళ్ళకు ఆజ్ఞ వచ్చింది. యాత్ర రద్దు. విమానం వెంటనే రేవుకు తేవాలి. చిట్టా కూడా.

రెక్క కుట్టేశాను. రావుగారు మాతో రావడం లేదు. మూట కట్టుకుని పొద్దున్నే కాలినడకన గువ్వలమిట్టకు బయల్దేరారు, ఐదు రోజుల దారి. విమానంలో దింపుతామని రుక్సానా అంది. "విమానం దిగితే వాళ్ళు మళ్ళీ దాన్నే చూస్తారమ్మా, నా మాట వినరు," అన్నారు. చిన్నోబయ్య ఊరి పొలిమేర దాకా వెళ్ళి సాగనంపాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

ఓబులమ్మకు నిజం చెప్పాను. మండలి ఈ విమానాన్ని మళ్ళీ పంపుతుందో లేదో తెలీదు, బాట వదిలిన ఆరు ఊళ్ళకైనా దీన్ని తిప్పమని అడుగుతాం, వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు. "ఆ బాట కూడా విత్తేసుకో," అన్నాను. "మూడున్నర ఎకరాలు."

"శెనక్కాయికి పదును పాయ. ఇంగ దాంట్లో వొచ్చేది ఉలవ. ఉలవకు ఉత్తర కార్తె దాకా టైముండాది," అంది. "అంతవరకూ ఎట్లా ఖాళీయే. ఆలోపల వొస్తే రాండి. రాకుంటే ఉలవ ఏస్తా."

ఆమె ముఖంలో కోపం లేదు, ఆశ పెట్టుకున్నట్టూ లేదు. అంత తేలికైన మాట ఈ యాత్రలో మాకెవరూ ఇవ్వలేదు.

ఉత్తర కార్తె, నాలుగో రోజు. సింగమడుగు.

మండలితో రెండు నెలలు పట్టింది. వాళ్ళు ఈ చిట్టా మొత్తం చదివారు. నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. యాభై ఎకరాలు కాదు, మూడున్నర చాలంటే ముందు నమ్మలేదు. రుక్సానా వాళ్ళలో ముగ్గురిని ఎక్కించుకుని, రేవు మైదానంలో రెండు గీతల మధ్య దిగి చూపించింది. ఆఖరుకు ఒక విమానం, ఆరు ఊళ్ళు, పదిహేను రోజులకొకసారి అని రాసిచ్చారు. కొత్త విమానాల ఊసు లేదు.

తీరంలో ముసురు పట్టి నాలుగు రోజులు ఆలస్యంగా బయల్దేరాం. దారిలో గువ్వలమిట్ట మీదుగా వచ్చాం. చేను నడుమ నాగళ్ళు కనిపించాయి. రావుగారు ఎలా ఒప్పించారో గానీ ఉలవలు చల్లుతున్నారు. ఈ చలికాలం ఆ ఊరికి గింజ చాలదు. పక్క ఊళ్ళలో ధాన్యం అడుగుతూ ఆయన నడుస్తూనే ఉన్నారని ఇక్కడ దిగాక తెలిసింది.

సింగమడుగు పైకి వచ్చేసరికి శెనక్కాయి చేను పచ్చగా ఉంది. మధ్యలో బాట ఉంది. కానీ కురచగా ఉంది. రెండు కొసలా కొత్తగా దున్నిన మట్టి.

"అక్కా, ఇది ఆరువందలు లేదు," అంది రుక్సానా.

"వెనక్కి తిప్పుదామా?"

ఆమె ఒకసారి చుట్టూ తిప్పి, గాలికి ఎదురుగా వంచి దించింది. దున్నిన మట్టి ఇంకా పాతిక అంగల దూరంలో ఉండగా ఆగాం.

ఎవరూ కప్పుల మీద లేరు. చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ వంగారు. ఓబులమ్మ కొడవలి చేతబట్టుకుని తీరిగ్గా నడిచి వచ్చింది.

"నాలుగు దినాలు సూసి ఉలవ ఏసినా," అంది. "మొత్తం ఎయ్యలా. ఆ పొద్దు ఈ పాప పన్నెండు తూర్లు దిగింది గదా, యాడ నేల తాకిందో, యాడ నిలబడిందో ఎంచినా. నాన్నూరు అంగలు సాలు మీకు. మీ పుస్తకంలో ఎక్కువ రాసిండారు."

రుక్సానా నవ్వు ఆపుకోలేక విమానం మీద వాలిపోయింది.

పాముకాటు మందు పెట్టె, పదకొండు ఉత్తరాలు దించాం. పెట్టెను ఎండ తగలకుండా ఎలా ఉంచాలో చెప్పాను. ఓబులమ్మ రెండుసార్లు చెప్పించుకుని, పెట్టెను నడుము మీద పెట్టుకుంది.

"మళ్ళా ఎప్పుడొస్తారు?"

"పదిహేనో రోజున. ముసురు పట్టకపోతే, మోటారు బాగుంటే. ఏది తేడా వచ్చినా రాలేం. అప్పుడు కబురు చెయ్యడానికి కూడా దారి ఉండదు."

"అట్ల సెప్పు," అని ఆమె పెట్టెతో ఊళ్ళోకి వెళ్ళింది. కొడవలిని చేలో కలుపు తీస్తున్న కోడలికి ఇచ్చి వెళ్ళింది.